ఐదున్నర గంటల తేడా

అంబాజీపేట కొబ్బరిపీచు సంఘం ఆఫీసులో
కంప్యూటరు ఒక్కటే.
పొద్దున్న సూర్యచంద్రం గారిది, మూడు దాటాక నాది.

ఆయన పద్దులన్నీ అందులోనే,
తాడు చుట్టల లెక్క, అడ్వాన్సులు,
పోయిన సభ్యుల బాకీలతో సహా.
దాంట్లో రెండో సిస్టమ్ ఎక్కిస్తానంటే
కుర్చీ పక్కకి లాక్కుని కూర్చున్నారు,
సర్వేయరు గొలుసు పట్టుకొచ్చిన రోజు
రైతు గట్టెక్కి కూర్చున్నట్టు.

"ఎంత తీసుకుంటావమ్మా ఏసురత్నం?"
"నలభై జీబీ అండి. మీకు వాడుకలో లేనిదే."
"వాడుకలో లేదని ఎవరన్నారు?"

గీత జరుగుతోంది. ముప్పై శాతం. నలభై.
అరవై రెండు దగ్గర కరెంటు పోయింది.
యూపీఎస్ కూత మొదలెట్టింది.
ఆయన లేచి దాని మీద అరచెయ్యి పెట్టారు,
జ్వరం చూసినట్టు.
పీచు మిషను ఆగిపోయి
వెనక కాలవ చప్పుడు వినబడింది, ఆ ఆఫీసులో మొదటిసారి.
తొంభై ఒకటి దగ్గర ఫ్యాను తిరిగింది.

ఇప్పుడు ఆన్ చెయ్యగానే నల్లటి తెర మీద రెండు పేర్లు,
పది సెకన్ల గడువు.
"ఏదీ నొక్కకపోతే?"
"మీదే వస్తుందండి. అలాగే పెట్టాను."

మర్నాడు తొమ్మిదిన్నరకి వచ్చిన లోడు
తెల్లారగట్ల నాలుక్కి దిగినట్టు బిల్లొచ్చింది.
నా సిస్టమ్ గడియారాన్ని ఏ దేశం టైముకో తిప్పి వదిలేస్తుంది,
ఆయనది అదే నిజమనుకుంటుంది.
డ్రైవరు నవ్వాడు. సూర్యచంద్రం గారు నవ్వలేదు.
నాలుగు కొట్టేసి, ఎర్ర సిరాతో తొమ్మిదిన్నర వేసి
పొట్టి సంతకం చేశారు.
సరిచెయ్యడానికి నాకు మూడు రోజులు పట్టింది.
ఆ మూడు రోజుల బిల్లులూ ఫైల్లో ఎర్రగానే ఉన్నాయి.

ఇంకోటి సరిచెయ్యలేదు.
నా వైపు నుంచి ఆయన గదులన్నీ కనిపిస్తాయి,
మనవరాలి ఓణీల ఫొటోలు కూడా. తెరవను.
(ఒక్కసారి తెరిచాను.)
ఆయన వైపు నుంచి నాది పేరు లేని డబ్బా బొమ్మ.
తాడు పేనే ఆడాళ్ళ పేర్లున్నాయి అందులో,
ఏ రోజు ఎవరి చెయ్యి చీరుకుపోయిందో.
నొక్కితే మాత్రం అడుగుతుంది:
వాడుకోవాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?

ఆయన చెయ్యి వణుకుతుంది.
వారానికి రెండుసార్లైనా బాణం దాని మీద పడుతుంది.

మొన్న గుమ్మంలోంచి చూశాను.
కళ్ళజోడు పైకి తోసుకుని
పెదాలు కదుపుతూ ప్రశ్నంతా చదివి,
"వద్దు, అది అమ్మాయిది" అని
కంప్యూటరుకి చెప్పి మరీ
నొక్కారు.