రెండున్నర చుట్లు

ముందు ఎముక.
టార్టు ఆసుపత్రి నేలమాళిగ, ఉదయం ఏడున్నర.
పైప్సీ సరస్సు ఒడ్డు నుంచి తొలి బస్సులో వచ్చింది ఫెవ్రోనియా,
గడ్డం కింద ముడేసిన రుమాలు,
గోళ్లలో ఇంకా ఉల్లిమడి మట్టి.
రుమాలు తీయమని సైగ చేస్తే
మగవాళ్లెవరూ లేరని చూసుకుని విప్పింది.

సీటీలో చెవి వెనక ఎముక తేనెపట్టులా గుల్లగుల్ల.
దాని లోపల బఠాణీగింజంత నత్తగుల్ల,
రెండున్నర చుట్లు.
ముఖనాడి దారిని తెర మీద రెండుసార్లు కొలిచాను.
డ్రిల్లు వెంట్రుకవాసి అటు జరిగితే
నవ్వు ఒక పక్కకే మిగులుతుంది.

తర్వాత నరం.
ఇరవయ్యేళ్లుగా ఏమీ వినని మనిషికి
ఎమ్మారైకి ముందు చెవులు మూశాను. రూలు.
వీటికేం చలి అన్నట్టు నవ్వింది.
బయటికొచ్చాక, తన గొంతెంతో తనకి తెలియక,
కారిడారంతా ఉలిక్కిపడేలా చెప్పింది:
"పళ్లతో విన్నాను. రేకు మీద వడగళ్లు."

కుడివైపు సన్నని కాలువలో నాలుగు చుక్కలు, నాలుగు నరాలు.
ఎడమ మూడే.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడే.
కుడి అన్నాడు డాక్టర్ ఊర్మస్.

ఆ రోజు సీసపు కోటు బరువుతో
ఎక్స్‌రే యంత్రాన్ని ఆమె తల మీదికి వంచాను.
తీగ వెళ్లింది, చేతికేమీ అడ్డు తగల్లేదు అంటున్నాడాయన.
తెర మీద తీగ కొస
వెనక్కి మడిచి పడుకుంది, చలికి పిల్లి తోకలా.
"మడత" అన్నాను.
ఆ గదిలో నేనన్న మాట అదొక్కటే.
లాగి, ఊపిరి బిగబట్టి, మళ్లీ తోశాడు.
ఈసారి గుల్ల గోడని పట్టుకుని తిరిగింది.

మర్నాటి ఫిల్ములో ఇరవై రెండు తెల్ల చుక్కలు.
'స్థానం సంతృప్తికరం' అని రాశాను.
ఆమె ఏం వింటుందో
ఆ నలుపులో ఎక్కడా లేదు.
చర్మం కింద ఇప్పుడొక అయస్కాంతం,
ఎమ్మారై గది ఇక అడక్కుండా తెరుచుకోదని చీటీ ఇచ్చాను.

నవంబరులో ఉల్లిపాయల జడ భుజానేసుకుని వచ్చింది.
మనుషుల గొంతులు గోనెసంచిలో ఎలుకలట.
ఉల్లిపొట్టు మాత్రం ఉల్లిపొట్టేనట.
నేను గాజు వెనక ఎవరిదో మోకాలు తీస్తున్నాను.

"ఆ కీచుమన్నదేంటి?"
"ఏది?"

పంతొమ్మిదేళ్లుగా రోజుకి నలభైసార్లు నొక్కే బొత్తాం.
ఊరికే మళ్లీ నొక్కకూడదు.
తర్వాతి రోగి కోసం
ఇద్దరం బల్ల మీద కూర్చున్నాం.