ఇటు ఆరున్నర, అటు ఆరున్నర

ఆగస్టు రెండో గురువారం
ప్రిన్సిపల్ నా చేతిలో కొత్త కొలతల కాగితం పెట్టింది.
వెడల్పు నలభై గజాలు, పొడవు ఎనభై.
ఇరవై ఆరేళ్లుగా యాభై మూడు గజాల మైదానానికి
గీతలు గీసిన కాళ్లు ఇవి.
వీటికెవరు చెప్పాలి?

జట్టుకి పదకొండు మంది కావాలి.
తొమ్మిది మంది వచ్చారు.
అందులో ఆగీ ప్రోహాస్కా బ్యాండులో ట్రాంబోన్ కూడా వాయిస్తాడు,
విరామంలో హెల్మెట్ తీసి
కారే చెమటతోనే వరుసలోకి పరుగెడతాడు.
"ఎనిమిది మంది ఆటకి మారిపోదాం" అన్నాడు కోచ్ స్ట్రో,
చావుకబురు చెప్పేవాడిలా టోపీ తీసి.

రంగు కలిపాను.
ఇప్పుడు వాడేది రంగే, మేం మాత్రం సున్నమనే అంటాం.
మేకులు పీకాను, తాడు లోపలికి లాగాను,
ఇటు ఆరున్నర గజాలు, అటు ఆరున్నర.
పొరుగువాడి గట్టు జరిపితే పాపమంటారు.
మన గట్టు మనమే లోపలికి జరుపుకుంటే
దాన్నేమంటారో ఎవరూ చెప్పలేదు.

మా అన్న మైలో ఈ గడ్డి మీద
యాభై నాలుగో నంబరు.
ఎదురొచ్చినవాణ్ని తలతోనే ఆపేవాడు.
"తల పెట్టు, తల పెట్టు!" అని అప్పటి కోచ్ అరిచేవాడు.
ఊరంతా అరిచేది.
నేనూ అరిచాను, గొంతు పోయేదాకా.
ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో
మేకుల డబ్బాల ముందు నిలబడి
ఎందుకొచ్చానని మేకుల్నే అడుగుతాడు.
డాక్టరు మెల్లగా చెప్పింది,
అది ఉందో లేదో తేలాలంటే మెదడు కోసి చూడాలట,
చూడాలంటే ముందు మనిషి పోవాలట.
"నాకేం తొందర లేదు" అని నవ్వాడు మైలో.
మర్నాడు పొద్దున అదే జోకు మళ్లీ వేశాడు,
అప్పుడే తట్టినట్టు.

డార్సీ ఇమ్‌హోల్ట్ సంతకం పెట్టలేదు.
ఎనిమిదో తరగతి కొడుకు, తలుపంత భుజాలు.
పెన్ను మూత తీసి, కాగితం సగం చదివి,
మూత పెట్టేసింది.
అప్పట్నుంచి జనం ఆవిడతో
వాన గురించి తప్ప మాట్లాడటం లేదు.
నేను ఎవరి పక్షమో అడక్కండి.
శుక్రవారం రాత్రి లైట్లు వెలిగితే
నా వెన్నులో ఇప్పటికీ ఏదో లేచి కూచుంటుంది.
రెండు భుజాలు ఢీకొన్న ఆ చప్పుడు
వినకుండా ఉండలేను,
విన్నాక నిద్ర పోలేను.

యెసేనియా తోహీన్ వచ్చి అడిగింది,
వాళ్ల నాన్న మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
"మిగిలిన గడ్డి ఎవరిది?"
ఆడపిల్లలు ఏడుగురట, నడుముకి జెండాలు కట్టుకుంటారట,
జెండా లాగేస్తే చాలు, ఎవర్నీ పడెయ్యక్కర్లేదు.
"ఆరున్నర గజాల్లో ఏం ఆడతారే?"
"మలుపు తిరగడం నేర్చుకుంటాం" అంది.
నా దగ్గర జవాబు లేదు,
సగం డబ్బా రంగు ఉంటే ఇచ్చాను.

పాత గీత చావదు.
ఇన్నేళ్ల సున్నం తాగిన నేల కదా,
అక్కడ గడ్డిది వేరే పచ్చ.
మొదటి ఆటలో మూడో భాగం,
ఆగీ చేతికి బంతి దొరికింది.
కొత్త గీత దాటాడు, రెఫరీ ఈల వేశాడు.
వాడికి వినపడలేదో, కాళ్లకి తెలియలేదో,
ఎవరూ తరమకుండా, ఎవరూ కొట్టకుండా
పాత గీత వెంబడి పరుగెడుతూనే ఉన్నాడు.
అవతలి జట్టు నడుము మీద చేతులేసుకుని చూస్తోంది.

నా పక్కన మైలో దిగ్గున లేచాడు.
"లోపలే ఉన్నాడు! గీత లోపలే ఉన్నాడు!"
ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగారు.
అతని చొక్కా పట్టుకుని కూచోబెట్టాలి నిజానికి.
నా బూట్ల మీద తెల్లరంగు ఇంకా ఆరలేదు.
పాదాలు బెంచీ కిందికి లాక్కున్నాను.