అర వాటు బొమ్మ

మెట్టుగూడ మా డాబా మీది నుంచి
శాలిబండలో హబీబ్ సాబ్ గదికి
బొమ్మ పంపాలని నా పట్టుదల.
అర వాటు. అంతే.
టార్చి బల్బు కూడా సరిగ్గా వెలగని బలం.
నాలుగు వందల ముప్పై నాలుగున్నర మెగాహెర్ట్జ్ మీద
ఒక అట్టముక్క,
అట్ట మీద నా పేరు, తేదీ,
అడ్డంగా నడిచిన మా పిల్లి.

బొమ్మ చేరింది.
"మాషా అల్లా, పిల్లి మీసాలు కూడా కనబడుతున్నయి"
అన్నాడాయన చేతి సెట్టులో.
ఆ రాత్రి అన్నం నిలబడే తిన్నాను.

మర్నాడు కింద కిరాణా కొట్టు చంద్రకళ
మెట్లెక్కి వచ్చింది.
కొట్టు ముందు గొలుసేసి కట్టిన
పసుపుపచ్చ రూపాయి ఫోను ఆమెది.
"నీ డబ్బా పెట్టినప్పుడల్లా
నా డబ్బా గొంతు పడిపోతున్నది భయ్యా.
రూపాయి మింగుతది, మాట కక్కదు.
రాత్రి ఇస్త్రీ పోరడు సగం మాటల ఉండంగనే కట్టయింది.
కోపంల పెట్టేసిండనుకొని
పిల్ల ఇప్పటిదాంక ఎత్తుతలేదంట."

నా లైసెన్సు నాకుంది, నా అంకె నాకుంది అన్నాను.
ఆమె వెళ్ళాక
పాల బిల్లు వెనక ఆ అంకెను రెండుతో గుణించాను.
ఎనిమిది వందల అరవై తొమ్మిది.
టవరు మాట కోసం ఆమె ఫోను
చెవి ఒగ్గేది సరిగ్గా అక్కడే.

నేను ఒక్క మాటే అన్నాననుకున్నాను.
మోయగలిగినదానికన్నా ఎక్కువ నెట్టితే
ట్రాన్సిస్టరు అల నెత్తిని చదును చేసేస్తుంది.
ఆ తెగిన అంచుల్లోంచి
రెండింతలది, మూడింతలది,
పిలవని పేరంటానికి బయల్దేరతాయి.
బొమ్మలో అవి కనబడవు.
హబీబ్ సాబ్‌కి నేను శుభ్రంగానే ఉన్నాను.

లాలాగూడ వర్క్‌షాపులో ఇరవై రెండేళ్లుగా
బోగీ చక్రాన్ని సుత్తితో తట్టి వినడం నా కొలువు.
పగులు కంటికి దొరక్కముందే
మోత చివర ఒక జీర చెబుతుంది.
ఆ చెవులు పెట్టుకునే
ఇంట్లో డబ్బా ముందు కూర్చున్నాను.

ఆదివారం కోఠి, గుజరాతీ గల్లీ.
వెండి పూత తీగ రెండు మూరలు,
గోరంత ట్రిమ్మర్లు నాలుగు.
ఉస్మానియా బిస్కెట్ల రేకుడబ్బా కోసి గదులు కట్టాను,
ఒక చుట్ట గుసగుస ఇంకో చుట్టకి వినబడకుండా.
డ్రిల్లు బిట్టు మీద మూడేసి చుట్లు.

మొదటిది చెడింది.
కెపాసిటర్ల కాళ్ళు పొడుగ్గా వదిలాను.
ఆ ఎత్తున అంగుళం తీగ కూడా తీగలా ఊరుకోదు,
తనూ ఒక చుట్టనే అనుకుంటుంది.
రేకు వేడికి వేలు బొబ్బెక్కింది.
రెండోసారి కాళ్ళు మొదలంటా నరికాను,
రేకుకి ఆనించి అతికాను,
అగరొత్తి పుల్లతో చుట్లని వెంట్రుకవాసి జరుపుతూ
మీటరు ముల్లు పడుకునేదాకా కూర్చున్నాను.
మూత పెట్టగానే అది మళ్ళీ లేచింది.
మూత పెట్టాక జరిపేందుకు
మూతకే చిల్లి పొడిచాను.

తొమ్మిదిన్నరకి మళ్ళీ బొమ్మ.
పైన పిల్లి, అట్టముక్క, అర వాటులో కాస్త తరుగు.
"జర మంచు పడ్డది. మీసాలు పోయినయి" అన్నాడు హబీబ్ సాబ్.
పోనీ సాబ్.

సెట్టు ఆపకుండా కిందికి దిగాను.
చంద్రకళ రూపాయి వేసి
భువనగిరిలో చెల్లెలికి కలిపింది.
నేను గొలుసు పక్కన నిలబడ్డాను,
చక్రం తట్టి చెవి పెట్టినట్టు.
కందిపప్పు ధర, మరిది తాగుడు,
ఎవరిదో పురుడు, మళ్ళీ కందిపప్పు.
మాట ఎక్కడా తెగలేదు.
నిమిషం నిండి ఫోను కీచుమంది.
ఆమె రిసీవరు మూతి అరచేత్తో మూసి
నా వైపు తిరిగింది.
"మిషను మంచిగనే ఉన్నది గని,
ఇంకో రూపాయున్నదా భయ్యా?"