ఇవాళ ఏ రకం

కాశీబుగ్గలో జీడిపప్పు ఏరే బల్ల ముందు
పదకొండేళ్లుగా కూర్చుంటున్నాను.
తెల్లగా నిండుగా ఉన్నది గుండు,
రెండుగా విడిపోయింది బద్ద,
విరిగింది ముక్క, మిగిలింది నూక.
కంటికంటే ముందు వేళ్లకు తెలిసిపోతుంది.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో
"పదిలో ఎంత నొప్పమ్మా?" అని డాక్టరడిగితే
నోరు పెగల్లేదు.
వేరేలా అడిగుంటే చెప్పేదాన్ని:
పొద్దున్న లేచేసరికి నూక,
చేటలో జారినట్టు పుర్రె అడుగున గరగరమంటుంది.
బట్టీ అంటించి పొగ తిరిగే వేళకి ముక్క.
రేకుల కప్పు కాగాక
నుదుటి నడుమ నిలువునా చీలి, బద్ద.
గుండు నెలకి రెండుసార్లో మూడుసార్లో.
ఎక్కడా పగులుండదు.
నా తలంత ఉంటుంది, నా తలే అది.
ఆ రోజు లైటు తీసేసి, కళ్లమీద తడిగుడ్డేసుకుని
పాసింజరు కూతకి కూడా దెబ్బ తిన్నట్టు ముడుచుకుంటాను.

ఎప్పుడు మొదలైందంటే
తిత్లీ గాలి తోటల్ని నేల మీద పడుకోబెట్టిన ఏడు,
దీపావళి ముందు.
"గాలెల్లిపోనాది గానీ హోరు నీ బుర్రలో ఉండిపోనాదొలే"
అనేది అత్త రాజులమ్మ.
డాక్టర్లెవరూ ఇంతకంటే బాగా చెప్పలేదు.

శొంఠి అరగదీసి పట్టేస్తే నుదురు బొబ్బెక్కింది.
మందస నుంచి ఒకాయనొచ్చి ముక్కులో పసరు పోశాడు.
బాగున్న పన్నొకటి పీకించుకున్నాను.
బరంపురంలో కళ్లద్దాలు రాశారు,
వాటితో నొప్పి ఇంకా తేటగా కనిపించింది.
విశాఖలో స్కానింగు.
నల్లటి ఫిల్ము మీద బూడిదరంగు మడతలు.
"అంతా బాగుంది, సంతోషించాలి" అన్నారు.
సంతోషించడానికి ప్రయత్నిస్తూనే
టెక్కలి దాకా బస్సు కిటికీలోంచి వాంతులు చేసుకున్నాను.

బిళ్లలు పనిచేశాయి. అబద్ధమెందుకు.
మొదట ఒకటి, తరవాత రెండు,
ఆపైన బిళ్ల కోసమే నొప్పి నిద్ర లేచేది.
కొత్త డాక్టరమ్మ ఖాళీ అట్టలు చూసింది,
చీటీ మీద ఊరి పేరు చూసింది.
"ఉద్దానం మనిషివి. కిడ్నీలు ఏమైపోవాలి?"
కలం పక్కన పెట్టేసింది.

ఏమైపోతాయో నాకు తెలుసు.
మా మరిది లోకనాథం వారానికి రెండుసార్లు
పలాస వెళ్లి రక్తం కడిగించుకుంటాడు.
అతని రోగానికి అంకె ఉంది.
"క్రియాటిన్ ఎంతొచ్చిందిరా?" అనడుగుతారు ఎదురైనవాళ్లు.
చెబితే తల దించుకుని దారిస్తారు.
నా దానికి అంకె లేదు.
"ఇంకా ఉన్నాదేటి?" అంటారు,
వెళ్లని చుట్టం గురించి అడిగినట్టు.
"రోజూ ఉండీదే కదేటి" అని మేస్త్రీ
దాన్ని లెక్కలోంచే కొట్టేశాడు.

గుండు వచ్చిన ఒక రాత్రి
నాకూ ఒక అంకె ఉంటే బాగుణ్ణనుకున్నాను.
ఎంతైనా సరే. కాగితం మీద, ఆసుపత్రి ముద్రతో.
గోడ అవతల లోకనాథం దగ్గుతున్నాడు,
రోజుకిన్నే నీళ్లని గీత గీసుకున్న సీసా పక్కన.
అలా అనుకున్నానని
ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

బిళ్లలు మానేసి నలభై మూడు రోజులు.
నొప్పి తగ్గలేదు.
తగ్గుతుందని డాక్టరమ్మా గట్టిగా అనలేదు.
"చూద్దాం" అంది.
ఇన్నేళ్లలో నాతో కలిసి చూస్తామన్నవాళ్లు లేరు,
అందుకే ఆ మాట కొంగున ముడేసుకుని తెచ్చుకున్నాను.

తెల్లారగట్ట ఆటో ఎక్కబోతూ లోకనాథం ఆగుతాడు.
సూదులు దిగే చోట మోచెయ్యి తాడులా ఉబ్బుంటుంది.
"వదినా, ఇయ్యాల ఏ రకం?"
ఏరే బల్ల సంగతి ఇతనికెప్పుడు చెప్పానో గుర్తు లేదు.
"ముక్క."
"ముక్కైతే పర్లేదు. పాయసంలోకి పనికొస్తాది."
నవ్వితే కణతలు లాగుతాయి.
నవ్వుతాను.
ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి
ఫ్యాక్టరీ టోపీ దులిపి తొడుక్కుంటాను.
దాని లాస్టిక్కు
సరిగ్గా అక్కడే బిగుస్తుంది.