ఒక చెంబు

పులియంతోపులో మా గుడికి గంట ఒకటే,
ఆరాధనలు రెండు.
ఏడింటికి తెలుగు, తొమ్మిదిన్నరకి తమిళం.
పంతొమ్మిది నెలలుగా ఆ ఏడింటికి
నేను ఎడమ వరుస, ఫీబమ్మ కుడి వరుస.
మధ్యలో నడవ.
ఊడ్చేది నేనే కాబట్టి తెలుసు,
అది నాలుగడుగులే.

చీటీ ఆమె నడిపింది.
ముప్పైరెండు వేలు నావి.
కార్పొరేషన్ చీపురు పట్టి, కోడి కూయకముందు లేచి
పిల్లదాని నర్సింగు ఫీజుకని దాచినవి.
ఎత్తుకుపోయింది ఆమె అల్లుడు, ఆమె కాదు.
ఆ సంగతి మొదటి రోజే తెలుసు నాకు.
తెలిసే తిట్టాను, వీధి మధ్య నిలబెట్టి.
తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించాను,
అందరికీ అర్థం కావాలని.

నెలనెలా మొదటి ఆదివారం ప్రభువు బల్ల.
రొట్టె విరిచేముందు అయ్యగారు కాసేపు ఆగుతారు,
ఎవరి లోపల ఏముందో వాళ్ళు చూసుకోవాలని.
నేను నా కాలివేళ్ళు చూసుకునేదాన్ని.
ప్రేమించే మనసియ్యమని అడక్కపోలేదు.
మోకాళ్ళు కాయలు కాశాయి,
లోపల్నుంచి ఒక్క చుక్క రాలేదు.
పళ్ళ మధ్య ఒక నవ్వు తయారుచేసుకుని
గుమ్మందాకా మోసుకుపోయేదాన్ని.
ఆమె కనబడగానే అది జారి పడేది.

దీపావళి వానలకి జారి ఆమె తుంటి విరిగింది.
"ఇంటికే బల్ల తీసుకెళ్ళాలి, సంచి పట్టుకో రాహేలూ"
అన్నారు అయ్యగారు, నా మొహంకేసి చూడకుండా.

గుమ్మంలోనే మూత్రం వాసన.
కోడలు పనికి పోయింది. దుప్పటి తడిసి ఉంది.
అయ్యగారు గొంతు సవరించుకుంటూ
బయట చూరు కింద నిలబడ్డారు.
నేను బకెట్టు తీసుకుని పెరటి పంపు దగ్గరికి పోయాను.
కొట్టాను. గాలి.
కొట్టాను. ఇనుము కీచుమంది.
భుజం లాగేదాకా, పాత కోపమంతా కలిపి కొట్టాను.
పంపు దగ్గింది, అంతే.

అప్పుడు కిటికీలోంచి
పంతొమ్మిది నెలల తర్వాత మొదటి మాట:
"ముందొక చెంబు పొయ్యి రాహేలూ.
ఎండిన గొంతు అది. తాగితేగానీ ఇవ్వలేదు."

ఇంట్లో ఒకటే చెంబు నీళ్ళు,
మంచం పక్కన స్టూలు మీద, ఆమె తాగడానికి.
"అదే పొయ్యి."

పోశాను.
గుటక వేసినట్టు ఒక చప్పుడు.
కింద ఎక్కడో తోలు ఉబ్బి పట్టు దొరికింది.
పిడి బరువెక్కింది.
ఆ బరువు ఎలాంటిదో కొట్టినవాళ్ళకే తెలుసు.
ముందు తుప్పు నీళ్ళు, తర్వాత తేట.

ఆమెని పక్కకి తిప్పి ఒళ్ళు తుడిచాను.
వీపంతా పుండ్లు.
నా చెయ్యి ఎంత మెల్లగా పడుతోందో చూసి
నాకే వింతగా ఉంది.
ఆ మెత్తదనం నాది కాదు.
నా దగ్గర లేదని
పంతొమ్మిది నెలలు తవ్వి చూసుకున్నదాన్ని నేను.
మరి ఎవరు పోశారు నాలో?
దాహమన్నవాడు,
పుల్లటిది పెదవికి తగిలించుకున్నవాడు,
తన ఆఖరి చెంబు
నేనడక్కముందే వంచేసి ఉన్నాడు.
నేనేమో ఇన్నాళ్ళూ
ఉత్త పిడి పట్టుకుని వేలాడాను.

అయ్యగారు లోపలికొచ్చి రొట్టె విరిచారు.
ఫీబమ్మ చెయ్యి వణికితే గిన్నె అంచు నేను పట్టాను.
ద్రాక్షరసం ఒక చుక్క
నా బొటనవేలి మీద పడింది.
తుడుచుకోలేదు.

ముప్పైరెండు వేలు మర్చిపోయావా అంటే, లేదు.
ఆ రాత్రి పడుకున్నాక కూడా లెక్క గుర్తొచ్చింది,
వడ్డీతో సహా.
ఆ పంపు కూడా అంతేనట.
రాత్రికి మళ్ళీ ఎండుతుందట,
తెల్లారి మళ్ళీ పోయాలట.
అందుకని వచ్చేముందు
స్టూలు మీద చెంబు నింపి మూత పెట్టాను,
పంపు పక్కన ఇంకొకటి.

"రేపు ఎవరొస్తారే?" అంది ఫీబమ్మ
గోడవైపు తిరిగి.
"పదింటికి దిగుతాను డ్యూటీ" అన్నాను.
"పదిన్నరకి."