తలుపేసుకున్న నత్త

గరివిడి దాటాక మాంగనీసు గుట్టలు.
గని మూతపడి చాన్నాళ్లయింది,
ఎండ మాత్రం షిఫ్టు మానలేదు.

రోహిణి కార్తె. పన్నెండున్నర.
నల్లరాయి మీద థర్మామీటరు ఆనించాను:
యాభై ఏడు.
నా చెప్పు అడుగు రాయికి అంటుకుని
కాస్త ఆలోచించి వదిలింది.

నాలుగు వెదురుబద్దల చట్రం నేల మీద పడేసి
అందులో బతికున్నవి లెక్కపెట్టడం నా పని.
కాలేజీలో చెప్పే పాఠానికి రుజువులు కావాలి.
మొదటి చట్రంలో ఒక జిల్లేడు.
రెండో దాంట్లో చీమల బారు, అదీ రాయి నీడ వెంటే.
మూడో చట్రం: సున్నా.

తవిటమ్మ మేకల్ని తోలుకుంటూ దిగింది.
ఏం రాస్తున్నావని అడగలేదు.
చట్రంలోకి వంగి చూసి
"ఉన్నవన్నీ పగలు కనబడతాయేటి బాబూ" అంది.

తర్వాత చేతికర్రతో చూపిస్తూ పోయింది.
నేను వెనకాల రాసుకుంటూ.

బ్రహ్మజెముడు ఆకుల్ని ఏనాడో వదులుకుంది.
కాండాన్నే పచ్చగా చేసుకుని వంట అక్కడే కానిస్తుంది.
పొద్దున్నుంచీ ముక్కు మూసుకుని
చీకటి పడ్డాక గాలి పీలుస్తుంది.
జిల్లేడాకు మీద తెల్లటి నూగు, వేలితో తుడిచి
"పౌడరు రాసుకుంది సూడు,
పెళ్లికెల్తన్నట్టు" అని నవ్వింది.
రాతి మీద తొండ
ఒళ్లు నేలకి తగలకుండా లేచి నిలబడి
ఒక కాలు ఎత్తుతోంది, ఒక కాలు దించుతోంది.
ఎండిన గెడ్డ అడుగున, మూరెడు లోతులో
కప్పలు ఉన్నాయట. తవ్వొద్దంది.
గులకరాళ్ల మధ్య గులకరాళ్లలాంటి నాలుగు గుడ్లు.
తీతువు ఎక్కడో పొట్ట తడుపుకుని వచ్చి
వాటి మీద కూర్చుంది. మమ్మల్ని చూసి అరిచింది.
తవిటమ్మ సీసాలో నీళ్లు కొంచెం కొంగు మీద పోసుకుని
ఆ కొంగు తల మీద వేసుకుంది.

పుస్తకంలో పేజీ పైన నేను రాసుకున్న మాట
అనుకూలనం.
ఆ మాట లోపల అనుకూలం ఉంది.
ఇక్కడ ఏది అనుకూలం?
నీడ విప్పిన గొడుగంత,
నీరు మేకగిట్ట దిగబడ్డ గుంటంత.

పన్నెండో ఏట తట్ట ఎత్తిందట ఈ గుట్ట మీదే.
మొదటి కోడికి లేచి, చోడంబలి తాగి,
తొమ్మిదిలోగా ఎన్ని తట్టలైతే అన్ని.
అక్కడి నుంచి రాయి మనిషిని ముట్టనివ్వదు.
"నీకు అలవాటైపోయి ఉంటుంది కదా అత్తా" అన్నాను,
పాఠం చెప్పే గొంతుతో.
"అలవాటేటి నాయనా.
జెముడుకి ముల్లొచ్చింది.
నాకేటొచ్చింది? మోకాళ్ల నొప్పొచ్చింది."

మేకలు బలుసు ముళ్ల మధ్య
ఉన్న రెండాకుల కోసం మూతులు దూర్చాయి.

కూలిన ఆఫీసు గోడ మీంచి
ఒక నత్తగుల్ల గిల్లి నా చేతిలో పెట్టింది.
"ఖాళీ గుల్ల" అన్నాను.
"కాళీ కాదు. తలుపేసుకుంది."
మూతి దగ్గర ఎండిన గంజిలాంటి పొర.
చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. ఏమీ లేదు.

కాలేజీ బల్ల సొరుగులో, ఒక చీటీ మీద పెట్టాను.
'ఖాళీ గుల్ల, గరివిడి' అని
అయినా అలాగే రాశాను.

ఆరుద్రలో వాన పడింది.
ల్యాబు కప్పు ఎప్పటిలాగే కారింది, సొరుగు ఉబ్బి
రెండు చేతులా లాగితే గానీ రాలేదు.
లోపల గుల్ల లేదు.
హాజరు పట్టీ అట్ట మీద మెరిసే గీత ఒకటి,
దాని చివర, రెండు కొమ్ములు చాచుకుని, నత్త.
చీటీ చాలావరకు తినేసింది.
మిగిలిన ముక్క మీద 'విడి' అని మాత్రం ఉంది.

దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకుని బస్సెక్కాను.
గుట్ట మీద ఎర్రటి ముఖమల్ పురుగులు,
నడవడానికి చోటివ్వకుండా.
గెడ్డలో కప్పలు ఒకదాని మాట ఒకటి విననంత గోల.
తవిటమ్మ కనబడలేదు.
కింద మళ్లలో వంగిన నడుముల్లో
ఆమెది ఏదో ఇంత దూరం నుంచి చెప్పలేను.

నత్తని గోడ మీద వదిలి
మే నెల పేజీ తీశాను.
మూడో చట్రం ఎదురుగా ఉన్న సున్నాని కొట్టేశాను.
దాని బదులు ఏ అంకె వేయాలో
ఇంకా తేల్చుకోలేదు.