రెండోసారి వేసిన దారి

పోయిన చలికాలం పగిలింది.
ఆ సంగతి ముందే చెప్పేయాలి,
ఎందుకంటే ఊళ్ళో ఎవర్నడిగినా ముందు అదే చెబుతారు.
నాలుగొందల మీటర్ల సైకిల్ దారి,
ఫ్రీస్‌లాండ్‌లో, కాలువ గట్టు పక్కన.
మంచు కరిగిన మొదటి వారమే
మొసలి వీపులా లేచింది.

"మరుగుదొడ్డి కాగితంతో రోడ్డేస్తే
ఇంకేమవుతుంది?"
అన్నాడు పాలవ్యాను ఆపి హైల్కే.
మేమూ నవ్వాం. ఏడవలేక.

అయినా అతనన్నది అబద్ధం కాదు.
మురుగునీటి జల్లెడలో చిక్కిన కాగితం పీచు
కడిగి, ఆరబెట్టి, బూడిదరంగు దూదిలా
మూటలు కట్టి పంపిస్తారు మాకు.
చుట్టుపక్కల ఊళ్ళన్నీ
తలుపు గడియేసుకుని వదిలేసిన సంగతులు.
రాళ్ళూ పాతవే,
మా ముందువాళ్ళు వేసిన రోడ్డు చెక్కి తీసినవి.
పట్టి ఉంచే జిగురులో సగం తారు,
సగం చెట్టు.

కాగితం మిల్లు తెల్లనిదంతా తీసుకుని
పక్కకి నెట్టేసే నల్లని సారం అది.
చెట్టుని గాలిలో నిటారుగా నిలిపింది అదేనట.
రోడ్డున పడటమంటే ఇదే కాబోలు.

ఎందుకు పగిలిందో
ప్రయోగశాలవాళ్ళు పదకొండు పేజీలు రాశారు.
వీబ్రెన్ రెండు మాటలన్నాడు:
"నేల తడి."
అక్టోబరు వానలో వెయ్యొద్దని
అప్పుడే అన్నాడట. ఎవరు విన్నారు?
ముప్పై ఒక్క ఏళ్ళు తారు కలిపినవాడు,
వేళ్ళ గీతల్లో ఇంకా నలుపు,
మెట్లెక్కితే ఈల వేసే ఊపిరి.

అందుకే ఈసారి జూన్.
తెల్లవారుజామున మూడున్నరకే వెలుగు.
లారీ వెనక తలుపు లేచింది,
ఆవిరి మామీద పడింది.
అలవాటుగా అందరం మొహాలు తిప్పుకున్నాం.
కళ్ళు మండలేదు.
చాలాకాలం మూసి ఉంచిన బీరువా తెరిస్తే
పాత పుస్తకాల నుంచి వస్తుందే, అలాంటి వాసన,
అడుగున కొంచెం పొగ.

వీబ్రెన్ ముక్కుకి కట్టుకున్న గుడ్డ
మెడ మీదికి లాక్కున్నాడు.
పారతో కాస్త ఎత్తి, వాలుగా పట్టి,
జారే తీరు చూశాడు.
"ఇదేం రోడ్డు, వాసనే లేదు,"
అని విసుక్కుని,
గుడ్డ మళ్ళీ కట్టుకోవడం మర్చిపోయాడు.

రోలరు మీద షౌక్యే.
వెనక్కీ ముందుకీ, వెనక్కీ ముందుకీ,
చంటిదాన్ని జోకొట్టే ఓపికతో.
నేను అంచులు సర్దుతున్నాను.
చెప్పుల అడుగున వేడి, వీపున చలి.

మధ్యలో ఒక నీటికోడి
నలుగురు పిల్లలతో అడ్డంగా వచ్చేసింది.
యంత్రం ఆపాం.
చల్లబడని చోటు అది తనే పసిగట్టి
గడ్డిలోంచి చుట్టు తిరిగి పోయింది.
మా సూపర్‌వైజరు మాత్రం తొక్కాడు.
ఆయన బూటు గుర్తు ఇంకా ఉంది,
కాలువ వంపు దగ్గర, ఎడమవైపు.

సాయంత్రం అడ్డుకర్రలు తీస్తుంటే
వ్యాను లేకుండా సైకిల్ మీద వచ్చాడు హైల్కే.
ఒక కాలు కింద పెట్టి అడిగాడు:
"మళ్ళీ పగిలితే?"

షౌక్యే హెల్మెట్ తీసి
చెమటకి అతుక్కున్న జుట్టు విదిలించుకుంది.
"మళ్ళీ చెక్కుతాం.
రాళ్ళెక్కడికి పోతాయి?"

అతను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు.
దారి మీద ఎవరూ లేరు.
అయినా ఒకసారి గంట మోగించి
పెడలు మీద కాలు పెట్టాడు.